ఆర్డర్ అమ్మకుంది, మరి పిల్లోడికో?

మధ్యాన్నం మూడున్నర దాటి ఉంటది, నేను నెల్లూరు దర్గామిట్టలో మా ఆఫీసులో ఉన్నాను, కావలి నించి మా చెల్లెలు ఫోన్. మా పిన్ని కూతురు, నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. "అక్కా, పిల్లోడి నాయన స్కూలు కాడికి వచ్చాడంట, బాబుని పంపించండి అని గేటు కాడ నిలబడున్నాడంట, మేడం ఫోన్ చేసి పంపించమంటారా వద్దా అని అడగతా ఉంది" అనింది, ఆ గొంతు అస్సలు దానిదిలా లేదు. నేను పెద్ద ధైర్యంగా "కోర్టు ఇచ్చిన ప్రొటెక్షన్ ఆర్డర్ ఉంది గదా మే, తీసకపోయి చూపించు, ఒక్క అడుగు లోపలికి రాలేడు" అన్నాను. అది ఆటో ఎక్కి పరిగెత్తింది, పర్సులో మడత పెట్టుకుని తిరిగే ఆ జిరాక్స్ కాయితాలు తీసి మేడం టేబుల్ మీద పెట్టింది. ఆమె నిదానంగా మొత్తం చదివి, "అమ్మా, నిన్ను కొట్టకూడదని ఉంది, నీ ఇంటికి రాకూడదని ఉంది, నువ్వు పనిచేసే చోటికి రాకూడదు, ఫోన్ చెయ్యకూడదు అని ఉంది. బాబు పేరు యాడా లేదే" అనింది.

నిజమే, లేదు. నాలుగు పేజీల ఆర్డర్‌లో పిల్లోడి గురించి ఒక్క లైను లేదు. బర్త్ సర్టిఫికెట్‌లో మాత్రం తండ్రి పేరు చోట అతని పేరుంది. అంటే ఆ గేటు కాడ నిలబడ్డ మనిషి కోర్టు మాట దాటలేదు, తండ్రిగా బిడ్డని అడిగాడంతే. ఆ మేడం మంచావిడ కాబట్టి వాళ్ళమ్మ వచ్చిందాకా బాబుని స్టాఫ్ రూములో కూర్చోబెట్టింది, అతను కొంచేపు అరిచి వెళ్ళిపోయాడు. వేరే వాళ్ళైతే పంపించేసుండేవాళ్ళు, తప్పు కూడా పట్టలేం.

ఆ రోజు రాత్రి నేను కావలి పోయి దాని పక్కనే పడుకున్నాను, ఇద్దరికీ నిద్ర లేదు. ఆ తర్వాత ఏడాదిగా కోర్టు మెట్లెక్కి దిగతా తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే మా ఇంట్లో చదువుకున్న వాళ్ళం కూడా "ప్రొటెక్షన్ ఆర్డర్ వచ్చేసింది, ఇంక భయం లేదు" అని నిమ్మళంగా కూర్చున్నాం. అమ్మకి రక్షణ వేరు, బిడ్డ కస్టడీ వేరు. రెండూ గృహహింస చట్టంలోనే ఉన్నాయి గానీ అడగంది ఎవరూ ఇవ్వరు.

వెనక కథ రొవ్వంత చెప్పాలి. దానికీ అతనికీ పెళ్ళి కాలేదు. ఒంగోల్లో పనిచేసేటప్పుడు పరిచయం, కులాలు వేరు, అతని వాళ్ళు ఒప్పుకోలేదు, వాళ్ళ అక్క పెళ్ళి అయ్యాక చేసుకుందాం, ఇల్లు కట్టాక చేసుకుందాం అని రోజులు గడిచి గడిచి ఆరేళ్ళు ఒకే ఇంట్లో మొగుడూ పెళ్ళాల్లాగే కాపరం చేశారు. ఒక సంవత్సరం రొట్టెల పండక్కి నాతోనే వచ్చి స్వర్ణాల చెరువులో దిగి, పెళ్ళి కావాలని కోరుకునే వాళ్ళు తీసుకునే పెళ్ళి రొట్టె పట్టుకుంది, ఆ రొట్టె తినేటప్పుడు దాని మొహం నాకు ఇప్పటికీ గుర్తు. అప్పటికే కడుపుతో ఉంది. బాబు పుట్టాక కొట్టడం మొదలైంది, మొదలైందని నాకు తెలిసేటప్పటికి మూడేళ్ళు అయిపోయింది. ఒక రోజు తెల్లారుజామున పిల్లోడ్ని చంకలో వేసుకుని ఒంగోలు స్టేషన్లో రైలెక్కి కావలిలో దిగింది, చెప్పులు కూడా లేవు.

మొదట స్టేషనుకి పోతే, ఏ స్టేషనో చెప్పను, "పెళ్ళే కాలేదు గదమ్మా, గృహహింస కేసు ఎట్టవుద్ది, కూర్చోబెట్టి మాట్లాడతాంలే" అన్నారు. ఇది తప్పు మాట, ఈ మాట విని ఎంతమంది ఆడోళ్ళు వెనక్కి పోయి ఉంటారో అని తలుచుకుంటే కడుపు మండిపోద్ది. 2005లో వచ్చిన గృహహింస చట్టంలో భార్య అనే కాదు, పెళ్ళి లాంటి బంధంలో ఒకే ఇంట్లో ఉన్న ఆడమనిషికి కూడా రక్షణ ఉంది, సెక్షన్ 2లోనే రాసుంది. పెళ్ళి లాంటి బంధం అంటే ఏంది అనేది సుప్రీంకోర్టు 2010లో వేలుసామి కేసులో చెప్పింది, ఇద్దరికీ పెళ్ళి వయసు ఉండాలి, పెళ్ళి చేసుకోడానికి అడ్డం లేకుండా ఉండాలి, అంటే ఇద్దరిలో ఎవరికీ వేరే పెళ్ళి ఉండకూడదు, ఇష్టపడి చెప్పుకోదగ్గంత కాలం కలిసి ఉండాలి, బయట నలుగురిలో మొగుడూ పెళ్ళాల్లాగా మెలగాలి. వారానికోసారి వచ్చిపోయే సంబంధం కాదు. 2013లో ఇంద్రా శర్మ కేసులో అయితే, అతనికి పెళ్ళాం పిల్లలు ఉన్నారని తెలిసే కలిసున్న ఆమెకి ఈ చట్టం కింద చోటు లేదని చెప్పింది. అది చదివినప్పుడు నాకు బాధేసింది, అట్టాంటి ఆడోళ్ళు మన చుట్టూ తక్కువ మంది లేరు. మా చెల్లి విషయంలో అతనికి వేరే పెళ్ళి లేదు, అది ఒక్కటి కలిసొచ్చింది.

రుజువులకి ఏమేం పనికొచ్చాయో చెప్తాను, చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. ఒంగోల్లో ఇల్లు అద్దెకి తీసుకున్నప్పటి అగ్రిమెంటు, ఇద్దరి ఆధార్‌లో అదే అడ్రస్, కాన్పు అప్పుడు ఆస్పత్రి కాయితాల మీద భర్త అని అతను పెట్టిన సంతకం, బాబు బర్త్ సర్టిఫికెట్, అన్నప్రాసన ఫోటోలు. ఆ అద్దె ఇంటి ఓనరమ్మ మాత్రం సాక్షిగా రాను అనింది, సరే, ఆమె భయం ఆమెది.

కేసు ఒంగోల్లోనే వెయ్యాలేమో, వారం వారం అక్కడికి తిరగాలేమో అని భయపడ్డాం. అక్కర్లా. బాధితురాలు తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా వెయ్యొచ్చు అని సెక్షన్ 27 చెప్తది, అందుకని కావలి మెజిస్ట్రేట్ కోర్టులోనే డీవీసీ, అంటే గృహహింస కేసు వేశాం. ఐసీడీఎస్, అంటే స్త్రీ శిశు సంక్షేమం వాళ్ళ దగ్గర ప్రొటెక్షన్ ఆఫీసర్ ఉంటారు, జరిగిన హింస గురించి కోర్టుకి రిపోర్టు వాళ్ళే రాసి పంపారు. లాయర్ ఫీజు ఒక్క రూపాయి కాలేదు, ఆడోళ్ళకి, పిల్లలకి సంపాదనతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది, కోర్టు ఆవరణలో న్యాయ సేవా కమిటీ ఆఫీసుకి పోయి అర్జీ ఇస్తే చాలు, లేదా 15100కి ఫోన్ చెయ్యొచ్చు. మొదటి వాయిదా మూడు రోజుల్లో, మొత్తం కేసు 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి అని చట్టంలో రాసుంది, మాకు మాత్రం ఆర్డర్ వచ్చేసరికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ అది ఇల్లు కదల్లేదు.

అట్టా వచ్చిన ఆర్డర్లో పిల్లోడు లేడు. ఎందుకు లేడంటే మేం అడగలేదు, అప్పుడు మా బుర్రలో ఉన్నదల్లా దెబ్బలు ఆగాలి అనేదే. పిటిషన్ రాసిన మొదటి లాయర్ కూడా అడగలేదు, ఆయన్ని అననులే, చేతినిండా కేసులు.

స్కూలు గొడవ అయిన తర్వాత వేరే లాయరమ్మని ఇచ్చారు, ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పిన మాటలు నేను నోట్సు రాసుకున్నాను. మొదటిది, పెళ్ళి కాకుండా పుట్టిన బిడ్డకి చట్టం ప్రకారం సహజ సంరక్షకురాలు తల్లే. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం సెక్షన్ 6లో పెళ్ళైన వాళ్ళ పిల్లలకి ముందు తండ్రి, తర్వాత తల్లి అని ఉంటే, పెళ్ళి కాని వాళ్ళ పిల్లలకి ముందు తల్లి, ఆమె తర్వాతే తండ్రి అని ఉంది. ఆ చట్టం వాడే మాట "అక్రమ సంతానం", ఆ మాట పిటిషన్‌లో చదివి మా చెల్లి పెన్ను కింద పెట్టేసింది, సంతకం పెట్టడానికి పది నిమిషాలు పట్టింది. పిల్లోడు ఏం అక్రమం చేశాడని. కానీ ఆ మాట వెనకే దాని హక్కు కూడా ఉంది, అదీ నిజమే. 2015లో సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా చెప్పింది, పెళ్ళి కాని తల్లి గార్డియన్‌షిప్ కోసం కోర్టుకి వస్తే తండ్రి పేరు బయటపెట్టాలని, అతనికి నోటీసు ఇవ్వాలని బలవంతం చెయ్యక్కర్లేదని, ఒంటరి తల్లి బర్త్ సర్టిఫికెట్ అడిగితే ఒక అఫిడవిట్ తీసుకుని ఇవ్వాలని. మాకు ఆ అవసరం రాలేదు, సర్టిఫికెట్‌లో పేరు ముందే ఉంది.

రెండోది విని నేను నోరెళ్ళబెట్టాను. చట్టంలో తల్లే సంరక్షకురాలు అయినప్పుడు అతను స్కూల్నించి ఎత్తకపోతే కిడ్నాప్ కేసు పెట్టొచ్చు గదా అని అడిగాను. పెట్టడం కష్టమమ్మా అనింది. పాత ఐపీసీలోనూ, ఇప్పుడున్న భారతీయ న్యాయ సంహిత 137వ సెక్షన్లోనూ ఒక మినహాయింపు ఉంది, పెళ్ళి కాకుండా పుట్టిన బిడ్డకి తానే తండ్రినని మంచి మనసుతో నమ్మి తీసుకుపోయిన మనిషికి, చెడ్డ ఉద్దేశం లేకపోతే, ఆ నేరం వర్తించదు. స్టేషన్లో "తండ్రి తీసకపోతే కిడ్నాప్ ఏంది" అంటారే, అది వాళ్ళు నోటికొచ్చింది అనటం కాదు, దాని వెనక ఇంతుంది. అప్పుడు మిగిలేది హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే బిడ్డని కోర్టు ముందుకి తీసుకురమ్మని అడిగే పిటిషన్, ఇద్దరు తల్లిదండ్రుల మధ్య అయినా బిడ్డని చట్టం ఒప్పని విధంగా పెట్టుకున్నారని చూపిస్తే అది నడుస్తదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ కావలి నించి అమరావతి దాకా తిరిగే ఓపిక, డబ్బు ఎవరికుంది. అందుకే బిడ్డ పోకముందే కాయితం చేతిలో ఉండాలి.

ఆ కాయితం గృహహింస చట్టం సెక్షన్ 21. రక్షణ కోసం వేసిన కేసు నడుస్తున్నప్పుడు ఏ దశలో అయినా సరే పిల్లల తాత్కాలిక కస్టడీ బాధితురాలికి ఇమ్మని అదే మెజిస్ట్రేట్‌ని అడగొచ్చు, వేరే కోర్టుకి పోనక్కర్లా. వేరే చట్టాల్లో ఏమున్నా సరే ఇది చెల్లుతది అని ఆ సెక్షన్ మొదట్లోనే ఉంది. అవసరమైతే తండ్రి బిడ్డని ఎప్పుడు, ఎట్టా చూడాలో కూడా అందులోనే రాస్తారు, చూడ్డం వల్ల బిడ్డకి హాని అనిపిస్తే చూపించొద్దు అని కూడా చెప్పొచ్చు. ఆలస్యం అయితే ప్రమాదం అనుకుంటే సెక్షన్ 23 కింద మధ్యంతర ఆర్డర్ అడగొచ్చు, అవతలి వాళ్ళు రాకముందే కూడా ఇస్తారు. అందుకే ఇప్పుడు ఎవరైనా మా ఇంటి తలుపు తట్టి అక్కా ఏం చెయ్యాలి అంటే మొట్టమొదట చెప్పేది, మొదటి పిటిషన్లోనే రక్షణ ఇచ్చే సెక్షన్ 18తో పాటు ఈ 21 కూడా రాయించు మే, పిల్లోడి పేరు, స్కూలు పేరు రాయించు అని.

స్కూలు సంగతి ఇంకొంచెం చెప్పాలి. సెక్షన్ 18లో బాధితురాలు పనిచేసే చోటికి పోకూడదు అని ఉన్నట్టే, బాధపడేది బిడ్డ అయితే వాళ్ళ స్కూలుకి పోకూడదు అని కూడా ఆర్డర్ ఇవ్వొచ్చు అని స్పష్టంగా ఉంది. మా లాయరమ్మ ఇక్కడ ఒక విషయం మీద గట్టిగా పట్టుబట్టింది. ఆర్డర్ మీరితే సంవత్సరం దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, బెయిల్ హక్కుగా రాదు, ఇదంతా సెక్షన్ 31, 32. కానీ 31 మాట్లాడేది ప్రొటెక్షన్ ఆర్డర్ మీరడం గురించి. స్కూలు మాట ఒక్క కస్టడీ పేరాలోనే రాస్తే రేపు పోలీసులు "ఇది ప్రొటెక్షన్ ఆర్డర్ కిందికి రాదు" అని తప్పుకునే సందు ఉంటది. అందుకని స్కూలుకి పోకూడదు, బిడ్డని కోర్టు చెప్పిన చోట తప్ప కలవకూడదు అనే రెండూ ప్రొటెక్షన్ పేరాలోనే రాయించింది. ఒక వాక్యం ఏ పేరాలో ఉంది అనేదానికి ఇంత బరువు ఉంటదని నాకు అంతకు ముందు తెలీదు.

ఆర్డర్ కాపీ కోర్టే ఉచితంగా ఇద్దరికీ, ఆ పరిధిలో స్టేషనుకీ పంపిస్తది. స్కూలుకి ఎవరూ పంపరు, మనమే పోయి ఇచ్చి రెండో కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోవాలి, ఆటో అబ్బాయికి కూడా చెప్పాలి, ట్యూషన్ కాడ కూడా.

ఇప్పుడు అతని వైపు మాట, ఎందుకంటే దాన్ని దాటేసి రాస్తే నాకే మనసొప్పదు. అతను పిల్లోడి మీద చెయ్యి చేసుకోలేదు. పిల్లోడు వాళ్ళ నాయన్ని అడుగుతాడు, రాత్రి పూట అడుగుతాడు. అతని పెద్దక్క నాకు ఫోన్ చేసి "మా రక్తం గదమ్మా, మీరు దాచిపెట్టుకుంటే మేమేం కావాలి" అని ఏడ్చింది, ఆమె ఏడుపు దొంగ ఏడుపు కాదు. పెళ్ళి కాకపోయినా తండ్రికి దారి మూసుకుపోలేదు, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద పిటిషన్ వేసుకోవచ్చు, అక్కడ కోర్టు చూసేది అమ్మ గొప్పా నాన్న గొప్పా అని కాదు, బిడ్డ బాగు. అతను వేశాడు కూడా, ఒంగోల్లో. బిడ్డ మామూలుగా ఉండే చోట కోర్టులోనే వెయ్యాలని ఆ చట్టం సెక్షన్ 9, బాబు ఏడాది పైగా కావలిలో చదువుతున్నాడు కాబట్టి అది నెల్లూరుకి రావాలని మా వాళ్ళు అభ్యంతరం పెట్టారు, ఇంకా తేలలేదు. పోషణ ఖర్చు అంటారా, పెళ్ళి అయినా కాకపోయినా బిడ్డకి తండ్రి ఇవ్వాల్సిందే, పాత సీఆర్‌పీసీలో సెక్షన్ 125, ఇప్పుడు 2024 జులై నించి దాని బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144. ఇప్పటిదాకా రెండు నెలలవి ఇచ్చాడు. నేనొక మాట మాత్రం గట్టిగా నమ్ముతాను, పిల్లోడి మీద చెయ్యెత్తలేదు కాబట్టి మంచి తండ్రి అనడం కుదరదు, వాడి కళ్ళ ముందు వాళ్ళమ్మని జుట్టు పట్టి ఈడ్చాడు, అది వాడికి తగిలిన దెబ్బే. మూడో ఏట నించి స్టీలు గ్లాసు కింద పడ్డ చప్పుడుకి మంచం కిందికి దూరే పిలకాయ వాడు.

మెజిస్ట్రేట్ గారు బాబుతో ఛాంబర్లో పది నిమిషాలు మాట్లాడారు, ఏం మాట్లాడారో మేం అడగలేదు. ఆర్డర్ ఇట్టా వచ్చింది, కస్టడీ తల్లి దగ్గర, నెలలో మొదటి శనివారం, మూడో శనివారం పది నించి ఒంటిగంట దాకా కోర్టు ఆవరణలో న్యాయ సేవా కమిటీ ఆఫీసులో తండ్రి చూడొచ్చు, బాబుని తల్లి కాకుండా అమ్మమ్మ గానీ నేను గానీ తీసుకురావాలి, బాబు ఆరోగ్యం, చదువు గురించి ఏదైనా చెప్పాల్సి వస్తే నా ఫోనుకే మెసేజ్ పెట్టాలి. ఈ ఆఖరిది మేమే అడిగి పెట్టించుకున్నాం. ఎందుకంటే ఫోన్ చెయ్యకూడదు అని ఒక పక్క ఆర్డర్, బిడ్డని చూడొచ్చు అని ఇంకో పక్క ఆర్డర్ ఉంటే, "జొరం వచ్చిందా, ఎట్టున్నాడు" అనే ఒక్క మెసేజ్‌తో మొదలై మళ్ళీ అదే బెదిరింపుల్లోకి జారిపోద్ది. ఆ జారడం మేం చూశాం, మా చెల్లి "పాపం, పిల్లోడి గురించే గదా" అని రెండుసార్లు జవాబిచ్చింది, మూడోసారి రాత్రి పదకొండుకి ముప్పై మెసేజ్‌లు.

అప్పట్నించి నెలకి రెండు శనివారాలు నేను నెల్లూర్లో పొద్దున్నే రైలెక్కి కావలి పోతాను. పిన్నికి మోకాళ్ళ నొప్పులు, కోర్టు మెట్లు ఎక్కలేదు. మొదటి రెండు సార్లు బాబు నా కొంగు వదల్లేదు, మూడోసారి వాళ్ళ నాయన తెచ్చిన రంగు పెన్సిళ్ళు పట్టుకుని ఆ బల్ల మీదే కూర్చుని గంటసేపు రైలు బొమ్మ గీశాడు, అతను పక్కన కూర్చుని పెట్టెలు లెక్కపెట్టాడు, ఆఫీసులో ఉన్న అమ్మాయి కూడా చూస్తా కూర్చుంది. ఆ గంట బాగుంది. నేను కాదనను.

పోయిన శనివారం తిరిగి ఇంటికి నడుస్తా ఉంటే బాబు నిక్కరు జేబులో నించి నాలుగు మడతల కాయితం తీసి నాకిచ్చాడు. "పెద్దమ్మా, నాయన ఇది అమ్మకి ఇవ్వమన్నాడు, నువ్వు చూడకుండా ఇవ్వమన్నాడు" అన్నాడు. తర్వాత రొవ్వంతసేపు ఆగి, "ఇవ్వకపోతే నా మీద కోపం చేస్తాడా" అన్నాడు. ఏడేళ్ళు వాడికి. నేను రోడ్డు మీదే కూర్చుని వాడ్ని దగ్గరికి తీసుకున్నాను, నీ మీద ఎవరూ కోపం చెయ్యరు నాన్నా, ఇది నువ్వు మొయ్యాల్సింది కాదు అన్నాను. కాయితంలో తిట్లేం లేవు, ఒక్కసారి మాట్లాడు, అన్నీ మర్చిపోదాం అని ఉంది. మా చెల్లికి చూపించాలా వద్దా అని ఇంటి దాకా ఆలోచించి చూపించాను, దాచే హక్కు నాకు లేదనిపించింది. అది చదివి, ఏం మాట్లాడకుండా ఆర్డర్ కాపీలు పెట్టే కవర్లోనే పెట్టింది.

సోమవారం లాయరమ్మకి ఇచ్చొచ్చాం. బిడ్డ ద్వారా తల్లికి కాయితాలు గానీ కబుర్లు గానీ పంపకూడదు అనే లైను కూడా ఆర్డర్లో చేర్చమని ఇంకో పిటిషన్ వేస్తా ఉన్నారు, వాయిదా వచ్చే నెల రెండో వారం.